పీపీటీలు చదివితే కేసు చర్చ అవుతుందా?

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. నేను ప్రోస్థోడాంటిక్స్‌లో (కట్టుడు పళ్ల విభాగం) ఎండీఎస్, అంటే డెంటల్ పీజీ, మొదటి సంవత్సరం చదువుతున్నాను. మా కాలేజీలో ఈ ఏడాది నుంచి వారానికో కేసు ఇచ్చి నాలుగు విభాగాల పీజీలను కలిపి కూర్చోబెడుతున్నారు. ఎవరి పీపీటీ వాళ్లం చదివి వచ్చేస్తున్నాం. సార్లు జవాబు చెప్పరు, మీరే వెతుక్కోండి అంటారు. అవతల నా క్లినిక్ పని పేరుకుపోతోంది, టెన్షన్‌గా ఉంది. నేరుగా పాఠం చెబితే సరిపోదా?
– ఒక పీజీ విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మీ దగ్గర జరుగుతున్నది ఒకే గదిలో నాలుగు సెమినార్లు. జబ్బు పేరు ముందే చెప్పేస్తే ఎవరైనా పీపీటీయే చేసుకొస్తారు. మీ కాలేజీ చేయాలనుకున్నది ప్రాబ్లమ్ బేస్డ్ లెర్నింగ్, అంటే సమస్యతో మొదలుపెట్టి నేర్చుకోవడం. 1969లో కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వైద్య విద్యలో మొదలుపెట్టిన పద్ధతి ఇది. స్వీడన్‌లో మాల్మో డెంటల్ స్కూలు 1990లో దీన్ని తీసుకుంది. ఇందులో సమస్య ముందు, పాఠం తర్వాత.

నేను పీజీలకు ఇచ్చే కేసు ఒకటి చెబుతాను. మొదటి కాగితం మీద ఇంతే ఉంటుంది: శ్రీకాకుళం జిల్లా పల్లె నుంచి అరవై దాటిన ఒకామె వచ్చింది. పైన నాలుగు పళ్లే మిగిలాయి. కట్టుడు పళ్లు కావాలంటోంది. ప్రోస్థో పీజీ వెంటనే రిడ్జ్ (పళ్లు ఊడాక మిగిలే చిగురు గట్టు) గురించి, కొలత తీసే ట్రే గురించి మాట్లాడతారు. చుట్ట తాగుతుందా అని ఓరల్ మెడిసిన్ పీజీ అడుగుతారు. తాగుతుందంటే రాసుకుని ఊరుకుంటారు. నిప్పు బయట పెట్టుకుంటుందా, నోట్లోనా అని ఎవరో ఒకరు అడిగేదాకా నేను ఆగుతాను. నిప్పు నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ అని తేలాకే అంగిలి ఫొటో ఇస్తాను. తెల్లగా మందమెక్కి ఉంటుంది, మధ్యలో ఎర్రటి మచ్చ, చిన్న పుండు. డెన్మార్క్ పాథాలజిస్టు పిండ్‌బోర్గ్, మన దేశపు పరిశోధకులు కలిసి ఆంధ్ర పల్లెల్లో పదివేల మందికి పైగా అంగిళ్లు చూసి 1971లో రాసిన వ్యాసం అప్పుడు చేతికిస్తే పీజీలు ఆకలితో చదువుతారు.

తర్వాత బయాప్సీ. ముక్క ఎక్కడ తీయాలి? తెల్లగా ఉన్నచోట తీసి ఊరుకుంటే అసలు జబ్బు దొరక్కపోవచ్చు, ఎర్రటి చోట, పుండు అంచున తీయాలని, ఆ ముక్కను మైక్రోస్కోపులో చూసి జబ్బు తేల్చే ఓరల్ పాథాలజీ వాళ్లు చెప్పాలి. రిపోర్టులో క్యాన్సర్ అని వస్తుంది. ఇక్కడే చర్చ వేడెక్కుతుంది. ఆ నాలుగు పళ్లూ తీసేద్దామంటారు సర్జరీ పీజీ. ఉంచాలని మీరు వాదించాలి. అంగిలి కొంత తీసేశాక అన్నం, నీళ్లు ముక్కులోకి పోతాయి, మాట ముక్కుతో వస్తుంది. ఆ రంధ్రం మూసే అబ్చ్యురేటర్‌కు పట్టు దొరికేది మిగిలిన పళ్లకే. ఆపరేషన్‌కు ముందే కొలత తీసి, కోత గీత ఎక్కడిదాకా వస్తుందో సర్జన్‌తో కలిసి ఆ కొలతతో పోసిన మోడల్ (దవడ అచ్చు) మీద గీసుకోవాలి. అయితే రేడియేషన్ ఉంటుందనుకుంటే నిలవని పన్నును ముందే తీయాలి, తర్వాత తీస్తే దవడ ఎముక చెడిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి ఏ పన్ను ఉంచాలి, ఏది తీయాలి? ఏ ఒక్క విభాగం పుస్తకంలోనూ దీనికి పూర్తి జవాబు లేదు. నేరుగా పాఠం చెబితే ఈ వాదన మీకు ఎప్పటికీ ఎదురుకాదు.

మీ బాధ కూడా న్యాయమైనదే. పన్ను అరగదీయడం, కొలత తీయడం చర్చల్లో రావు, చేత్తో చేస్తేనే వస్తాయి. ఆ గంటలు తగ్గకూడదు. సార్లు చివరిదాకా మౌనంగా ఉండటం కూడా నాకు నచ్చదు. మొదటి సంవత్సరం వాళ్లు తప్పు జవాబుతో ఇంటికి వెళ్తే ఆ తప్పు రోగి దాకా పోతుంది. చివరి పావుగంట సారే మాట్లాడాలి.

మీ గైడ్ గారిని మూడు అడగండి. వచ్చే కేసుకు జబ్బు పేరు చెప్పొద్దనండి. వివరాలు విడతలుగా ఇచ్చి, మధ్యలో చదువుకోవడానికి మూడు నాలుగు రోజులు ఇమ్మనండి. ఆ నాలుగు విభాగాల్లో ఓరల్ పాథాలజీ లేకపోతే వాళ్లనూ పిలవమనండి. రోగిని చూడరు కదా అని చాలాచోట్ల వాళ్లను వదిలేస్తుంటారు.