ఇన్‌స్టాగ్రామ్ ఉండగా సొంత వెబ్‌సైట్ ఎందుకు?

ప్రశ్న: మాది చేనేత చీరల వ్యాపారం. కొన్నేళ్లుగా మా కోడలు ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్ పెడుతూ, వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుంటోంది. అమ్మకాల్లో సగానికి పైగా ఆ దారినే వస్తున్నాయి. ఎప్పుడో చేయించిన వెబ్‌సైట్‌ను చూసేవారే లేరు కనుక ఈ ఏడాది దానికి డబ్బు కట్టడం మానేద్దామంటోంది. మీ సలహా ఏమిటి?
– ఒక పాఠకురాలు, మంగళగిరి

జవాబు: మీ కోడలు గమనించింది నిజమే. ఒకప్పుడు వ్యాపారులు ముందు వెబ్‌సైట్ చేయించుకుని, ఆ తర్వాత జనాన్ని అక్కడికి రప్పించడానికి ప్రకటనలు ఇచ్చేవారు. ఇప్పుడు కొనేవారు చీరను మొదట రీల్‌లో చూసి, కింద ఇతరులు రాసిన అభిప్రాయాలు చదివి, వాట్సాప్‌లో ధర అడిగి, అక్కడే డబ్బు పంపేస్తున్నారు. మగ్గం మీద నిజాం అంచు నేస్తున్న అర నిమిషం వీడియో కలిగించే నమ్మకాన్ని ఏ వెబ్‌సైట్ మొదటి పేజీ కూడా కలిగించలేదు. కాబట్టి రీల్స్ తగ్గించమని నేను చెప్పను.

అయితే ఆ ఖాతా మీ పేరున ఉన్నా, దాని మీద అధికారం మీది కాదు. 2018 జనవరిలో ఫేస్‌బుక్ తన ఫీడ్‌లో బంధుమిత్రుల పోస్టులకు ప్రాధాన్యం పెంచుతున్నట్టు ప్రకటించినప్పుడు, ఏళ్ల తరబడి అభిమానులను కూడగట్టుకున్న వ్యాపార పేజీలు వెనక్కి వెళ్లాయి. 2020 జూన్ 29న మన ప్రభుత్వం టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించడంతో, అక్కడ మాత్రమే పేరు తెచ్చుకున్నవారు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టవలసి వచ్చింది. మీకు ఇంకా దగ్గరి ఉదాహరణ 2021 అక్టోబరు 4: ఆ రోజు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ కలిసి సుమారు ఆరు గంటల పాటు ఆగిపోయాయి. మీరు చీరలు చూపించే చోటూ, ఆర్డర్లు తీసుకునే చోటూ ఒకే సంస్థ చేతిలో ఉన్నాయన్న సంగతి మీ ఇంట్లో అందరూ కూర్చుని ఆలోచించవలసిన విషయం. సౌందర్య సాధనాల సంస్థ లష్ అదే ఏడాది నవంబరులో ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ ఖాతాలను పక్కన పెట్టేసింది, కానీ దానికి అనేక దేశాల్లో సొంత దుకాణాలూ సొంత వెబ్‌సైటూ ఉన్నాయి.

అందుచేత వెబ్‌సైట్ పేరును, అంటే డొమైన్‌ను, ఎట్టి పరిస్థితుల్లోనూ వదులుకోకండి; గడువు దాటి చేజారితే దాన్ని మరెవరైనా తీసుకోవచ్చు. సైటును మాత్రం బాగా కుదించండి. వందల చీరల ఫొటోలు అక్కడ అక్కర్లేదు. మీరెవరు, దుకాణం ఎక్కడ, చీర తిరిగి ఇవ్వాలంటే ఏం చేయాలి, చేతి నేతను మరమగ్గం బట్ట నుంచి ఎలా గుర్తుపట్టాలి అన్నవి వివరంగా రాయండి. ఇతరుల ఫొటోలు తీసుకుని మరమగ్గం చీరలను మంగళగిరి చేనేతగా అమ్మే ఖాతాలు ఉన్న కాలంలో, అనుమానం వచ్చిన కొనుగోలుదారు సరిచూసుకోవడానికి ఒక స్థిరమైన చోటు ఉండాలి. ఆన్‌లైన్‌లో అమ్మే సంస్థలు తమ పేరు, చిరునామా, ఫిర్యాదులు స్వీకరించే అధికారి వివరాలు స్పష్టంగా చూపాలని 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు కూడా చెబుతున్నాయి. వీటితో పాటు, కొన్నవారి ఫోన్ నంబర్లను వారి అనుమతితో మీ సొంత పుస్తకంలో రాసుకోండి. ఖాతా పోయినా వారు మిగులుతారు.

ప్రశ్న: ఎక్కువ మంది ఫాలోవర్లున్న ఒక యువతి, చీర ఉచితంగా ఇస్తే కట్టుకుని వీడియో చేస్తానంటోంది. ఇవ్వవచ్చా?
– మరో పాఠకురాలు, పోచంపల్లి

జవాబు: ఇవ్వవచ్చు. కానీ చీర ఉచితంగా అందిందన్న సంగతి వీడియోలోనే తెలిసేలా చెప్పాలి. ఉచితంగా వచ్చిన వస్తువును కూడా వెల్లడించాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో విడుదల చేసిన మార్గదర్శకాలు నిర్దేశిస్తున్నాయి. ఆమె అందుకు ఒప్పుకోకపోతే చీర ఇవ్వకండి. ఒప్పుకుంటే, ఫాలోవర్ల సంఖ్యను పక్కన పెట్టి, పాత వీడియోల కింద చీరల గురించి నిజంగా అడుగుతున్నవారు ఎందరున్నారో చూసి నిర్ణయించుకోండి.