ఇంటి కింద నీళ్లు

అమ్మాయీ,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి చిరాకేసింది. "మార్కెన్ బొమ్మరిల్లు లాంటి ఊరు, అక్కడ కాలం ఆగిపోయింది" అని మొదలుపెట్టావు చూడు, అక్కడే. కాలం ఆగిపోయిన ఊరు నాకు ఇంతవరకూ ఎక్కడా తగల్లేదు. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి బస్సులో వచ్చి, ఆకుపచ్చ చెక్క ఇళ్ల ముందు ఫొటోలు దిగి, చెక్క బూట్లు కొనుక్కుని వెళ్లిపోయేవాళ్లకి అలా అనిపిస్తే సరే. నువ్వు నాలుగేళ్లుగా ఆ నెదర్లాండ్స్ దేశంలో పన్నులు కడుతున్నదానివి.

భాష బాగుంది. తప్పులు లేవు. ఆ సంగతి అంతే.

నాకొక చాదస్తం ఉంది. ఊరి గురించి రాసేవాళ్లు ముందు ఆ ఊరు దేనికి భయపడేదో కనుక్కోవాలంటాను. ఇల్లు ఎలా కట్టారు, పెట్టె ఎక్కడ పెట్టారు, పిల్లల్ని ఎక్కడికి వెళ్లొద్దని తిట్టారు, అన్నీ అందులోంచే వస్తాయి. నీ కథలో ఇళ్లు "పొడవాటి కాళ్ల మీద ముద్దుగా నిలబడ్డాయి". ముద్దు కోసం ఎవరమ్మా గుంజల మీద ఇల్లు కట్టుకునేది? మార్కెన్ అప్పట్లో దీవి. చుట్టూ జౌడర్‌జే, ఉత్తర సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన ఉప్పునీరు. మొదట మట్టి దిబ్బలు పోసి వాటి మీద ఇళ్లు కట్టుకున్నారు. దిబ్బలు నిండిపోయాక పల్లంలో గుంజలు పాతారు, నీళ్లొస్తే ఇంటి కింద నుంచి పోతాయని. 1916 జనవరి 13 రాత్రి గుంజలు కూడా చాల్లేదు. అంత చిన్న ఊళ్లో 16 మంది పోయారు.

కోర్నెలిస్ లేలీ అనే ఇంజినీరు 1891లో గీసిపెట్టిన ప్లాను ఆ వరదతో కదిలింది. 1918లో చట్టం, 1932కల్లా సముద్రానికి అడ్డంగా 32 కిలోమీటర్ల కట్ట. భయం పోయింది. భయంతో పాటే హెర్రింగూ, ఆంకోవీ పోయాయి. ఉప్పునీళ్లు మంచినీళ్లయితే సముద్రపు చేప ఎందుకుంటుంది? ప్రాణాలు దక్కాయి, వలలు మూలపడ్డాయి. ఇదీ కథంటే! నువ్వేమో గాలిమర దగ్గర ఒక పేజీ ఖర్చుపెట్టావు. నీళ్లు రావడం మానేశాక గుంజల మధ్య పలకలు కొట్టి కింద గదులు చేసుకున్నారు. నువ్వు కాఫీ తాగిన కింది గది అలాంటిదే అయితే, ఒకప్పుడు నీ కుర్చీ ఉన్నచోట సముద్రం నడిచేది. 1957లో ఒడ్డు నుంచి రోడ్డు కట్ట వేశారు, ఇక దీవి కూడా కాదు. ఆ మీదట చుట్టుపక్కల నీళ్లు తోడేసి పొలాలు చేద్దామని చాలా ఏళ్లు ఊగిసలాడి, చివరికి మానుకున్నారు. ఆగిపోయిందట, కాలం!

ఇందులో నీ తప్పొక్కటే లేదులే. ఇప్పుడు పత్రికల వాళ్లకి ఫీల్ గుడ్ కావాలి. విదేశం అంటే తులిప్ పూలు, చలి, ఒంటరితనం, ఓ కప్పు కాఫీ. నా రోజుల్లో వాళ్లకి కన్నీళ్లు కావాలి, అంతే తేడా. మాది దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత ఓ కథ రాశాను. అందులో ఉప్పెన పావు పేజీ కూడా లేదు. మా అమ్మ మిగతా జీవితమంతా పొలం కాగితాలు, నాలుగు శేర్ల బియ్యం అటక మీద పెట్టుకునేది. ఆకాశం నిర్మలంగా ఉన్నా సరే. అదే కథ. ఎడిటరుగారు ఆ అటక ముక్క "కథకి అడ్డం" అని కోసేసి, కొండంత అల ఒకటి రాయించారు. నేనూ రాశాను, ఏం చెయ్యను, పాతిక రూపాయలు ఇస్తామన్నారు. ఆ అలని చాలామంది మెచ్చుకున్నారు. ఇప్పటికీ ఎక్కడైనా సభలో ఎవరైనా దాన్ని పొగిడితే నాకు కడుపులో తిప్పుతుంది.

రెండోసారి ఎందుకు చదివానో చెప్పలేదు కదూ. పదకొండో పేజీలో, నువ్వు బస చేసిన ఇంటి ముసలావిడ పడుకోబోయే ముందు ఒక రేకుపెట్టె తీసి బీరువా పైన పెడుతుంది. "వాళ్లమ్మ అలా చేసేదట" అని ఒక్క వాక్యం రాసి, మర్నాడు పొద్దున్న లైట్‌హౌస్‌కి వెళ్లిపోయావు. ఆ వాక్యం దగ్గర నేను కాగితాలు కింద పెట్టి కాసేపు బయట అరుగు మీద కూర్చున్నాను.

పుస్తకం ఎవరు వేస్తారు, ముందుమాట ఎవరిని అడగాలి అని రాశావు. అవన్నీ తర్వాత. మొదటి పది పేజీలు తీసేసి ఆ పెట్టె దగ్గర మొదలుపెట్టి మళ్లీ పంపు. ఆవిడ కుర్చీ ఎక్కి పెట్టిందా, చెయ్యెత్తితే అందిందా? పెట్టె బరువుగా ఉందా? నువ్వు సాయం చేస్తానంటే ఇచ్చిందా?