భవిత కేంద్రానికి వెళ్లిన ఎంఈఓ ఏం చూడాలి?

ప్రత్యేక అవసరాలున్న పిల్లల చదువు గురించి ఈ శీర్షికకు ఎక్కువగా తల్లిదండ్రులు, టీచర్లు రాస్తుంటారు. ఈసారి ఉత్తరాలు మాత్రం ఆ పనిని పైనుంచి చూసేవాళ్లవి: మండల విద్యాధికారులు (ఎంఈఓలు), కొన్ని బడుల సముదాయాన్ని చూసే కాంప్లెక్స్ హెచ్‌ఎంలు, జిల్లా సహిత విద్య (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు అందరితో కలిపి చదువు) కోఆర్డినేటర్లు. అడిగినవాళ్ల పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: గణితం స్కూల్ అసిస్టెంట్‌గా చేసి హెచ్‌ఎం అయ్యాను. రెండు నెలలుగా ఇన్‌ఛార్జి ఎంఈఓ బాధ్యతలు కూడా చూస్తున్నాను. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో నడిచే భవిత కేంద్రానికి వెళ్తే ఏం అడగాలో తెలియక రిజిస్టర్‌లో సంతకం పెట్టి వచ్చేస్తున్నాను. ప్రత్యేక విద్యలో డిప్లొమా ఏదైనా చేయమంటారా?
(ఇన్‌ఛార్జి ఎంఈఓ, నాగర్‌కర్నూల్ జిల్లా)

జవాబు: డిప్లొమా అక్కర్లేదండీ. బ్రెయిలీ, సంజ్ఞా భాష నేర్పడానికి వేరే మనుషులున్నారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల పేర్లు గడగడా అప్పజెప్పినా మీ పని ముందుకు కదలదు. ముందు మూడు జాబితాలు పక్కపక్కన పెట్టుకుని చదవండి. బడులు కేంద్ర ప్రభుత్వ బడుల సమాచార పోర్టల్ యూడైస్ ప్లస్‌లో ఎక్కించిన పేర్లు ఒకటి, భవిత కేంద్రం రిజిస్టర్ రెండోది, సదరం (రాష్ట్రం ఇచ్చే వైకల్య సర్టిఫికెట్) లేదా యూడీఐడీ (కేంద్ర వైకల్య గుర్తింపు కార్డు) ఉన్న పిల్లల పేర్లు మూడోది. ఈ మూడూ కలిసే మండలం అరుదు. ఎందుకు కలవలేదో వెతకడమే మీకు మొదటి శిక్షణ.

తేడాలు ఎక్కువగా ఇలా వస్తాయి. కళ్లద్దాలు పెట్టుకుంటే చూపు సరిపోయే పిల్లను ‘లో విజన్’ కింద వేస్తారు. అద్దాలు పెట్టినా చూపు చాలని వాళ్లకే ఆ పేరు వర్తిస్తుంది. నిరుటి ఎంట్రీని చూడకుండా ఈ ఏడాదికి దించేయడం ఇంకొకటి. దాంతో బడి మారిన పిల్లాడు రెండు చోట్లా కనిపిస్తాడు. సర్టిఫికెట్ లేదని మేధో వైకల్యమున్న పిల్లను అసలు ఎక్కించకపోవడం మూడోది. నష్టం ఎక్కువ దీనివల్లే. బడి చదువుల కేంద్ర పథకం సమగ్ర శిక్షలో ఇలాంటి ఒక్కో విద్యార్థికి ఏడాదికి 3,500 రూపాయల దాకా, ఆడపిల్లలకు అదనంగా నెలకు 200 చొప్పున పది నెలల స్టైపెండ్ ఇచ్చే వీలుంది. ఉపకరణాల క్యాంపు జాబితా కూడా ఈ లెక్కలోంచే వస్తుంది. పేరు లేని పిల్లకు చక్రాల కుర్చీ కొలత తీసుకునేవారే ఉండరు.

ఇక చట్టంలో మూడు సెక్షన్లు చదివితే చాలు. 16వది బడి చేయాల్సిన పనులు చెబుతుంది. ప్రవేశం నిరాకరించకూడదనడం, రవాణా, ప్రతి విద్యార్థి ప్రగతిని గమనించడం అందులో ఉన్నాయి. 17వది అధికారులు చేయాల్సినవి: సర్వే, టీచర్ల శిక్షణ, ఉచిత పుస్తకాలు, ఉపకరణాలు, పరీక్షల్లో మార్పులు. 31వది 40 శాతం, ఆపైన వైకల్యమున్న 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకు ఉచిత విద్య హక్కు ఇస్తుంది. దగ్గరి బడా, ప్రత్యేక పాఠశాలా అన్నది వాళ్ల ఎంపిక. ‘మా దగ్గర ఈ పిల్లాణ్ని చూసుకోలేం, ప్రత్యేక బడికి తీసుకెళ్లండి’ అని హెచ్‌ఎం అంటున్నాడంటే ఈ సెక్షన్ ఆయన చదవలేదని అర్థం.

ఈసారి కేంద్రానికి వెళ్లినప్పుడు రిజిస్టర్ అడగకండి. రెండు గంటలు ఒక మూల కూర్చుని ఒక్క విద్యార్థినే చూడండి. ఆ రెండు గంటల్లో ఆ పిల్ల ఎన్ని నిమిషాలు ఏదైనా పని చేసింది, ఎన్ని నిమిషాలు ఊరికే కూర్చుంది? కాగితం మీద రాసుకుంటే తర్వాత అడగాల్సిన ప్రశ్నలు వాటంతటవే వస్తాయి.

ప్రశ్న: మా జిల్లాలో ఏటా హెచ్‌ఎంలకు సహిత విద్య మీద ఒకరోజు శిక్షణ పెడతాం. 40 మంది వస్తారు, పీపీటీ వేస్తాం, భోజనాలవుతాయి. మర్నాటి నుంచి బడిలో ఏ మార్పూ ఉండదు. లోపం ఎక్కడుంది?
(సహిత విద్య కోఆర్డినేటర్, కోస్తా జిల్లా)

జవాబు: ఆ ఒక్క రోజులోనే ఉంది. అదే ఆరు గంటలను మూడు పూటలుగా విడగొట్టి ఆగస్టు, అక్టోబరు, జనవరిల్లో పెట్టండి. మధ్యలో బడికి వెళ్లి చేయాల్సిన పని ఉంటే తప్ప శిక్షణ పట్టదు. పిలుపు కాగితంలోనే రాయండి: హెచ్‌ఎం స్వయంగా రావాలి, తన బడిలోని ఒక విద్యార్థి వ్యక్తిగత విద్యా ప్రణాళిక (ఐఈపీ) నకలు పేరు కొట్టేసి తేవాలి. ‘సారుకు పనుంది, నన్ను పంపారు’ అని జూనియర్ టీచర్ వస్తే ఆ బడికి శిక్షణ అయినట్టు లెక్క వేయకండి.

మొదటి పూట మొత్తం ఐఈపీ చదవడానికే పెట్టండి. వ్యక్తిగత విద్యా ప్రణాళిక ఫైల్లో ఉందా లేదా అని చూసే హెచ్‌ఎంలు చాలామంది. అందులో ఏముందో చదివేవాళ్లు తక్కువ. ఐదుగురి చొప్పున ఎనిమిది బృందాలు చేసి, ఒక్కో బృందానికి నాలుగైదు ఐఈపీలు ఇచ్చి, ప్రతి లక్ష్యం దగ్గరా నాలుగు ప్రశ్నలు అడగమనండి. ఇప్పుడు ఆ పిల్ల ఎంతవరకు చేయగలదో రాశారా? ఏ పరిస్థితిలో, ఎంత సాయంతో చేయాలో ఉందా? ఎన్నిసార్లు సరిగ్గా చేస్తే వచ్చినట్టు? ఎప్పటికల్లా?

‘లెక్కలు మెరుగుపరచాలి’ అన్నది లక్ష్యం కాదు, కోరిక. దాని బదులు ‘ప్రస్తుతం 1 నుంచి 5 వరకు వస్తువులు లెక్కపెడుతోంది. మాటతో గుర్తు చేయకుండా 10 వరకు, ఐదు ప్రయత్నాల్లో నాలుగుసార్లు, సెప్టెంబరు 30లోగా’ అని రాస్తే అక్టోబరులో వెళ్లి ఎవరైనా సరిచూడొచ్చు. ప్రత్యేక విద్య చదవని మనిషి కూడా చూడగలగాలి. ఐఈపీకి అసలు పరీక్ష అదే.

ఇంకో కిటుకు. ఒకే బడిలోని మూడు ఐఈపీలు పక్కపక్కన పెట్టించండి. ముగ్గురికీ అవే లక్ష్యాలు, అవే మాటలు కనిపిస్తే ఒకదాన్ని చూసి రెండు దించారన్నమాట. సెరిబ్రల్ పాల్సీ (కండరాల కదలికలు పట్టు తప్పే స్థితి) ఉన్న బాబుకీ ఆటిజం ఉన్న పాపకీ ఒకే లక్ష్యం ఎలా వచ్చిందని అప్పుడు అడగొచ్చు.

మేధో వైకల్యమున్న పిల్లలకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ (ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ) తయారుచేసిన ఎఫ్ఏసీపీ చెక్‌లిస్టును చాలా కేంద్రాల్లో వాడతారు. దాన్ని నింపడం మీ హెచ్‌ఎంలకు రానక్కర్లేదు, చదవడం వస్తే చాలు. ప్రతి అంశానికీ పిల్ల సొంతంగా చేసిందా, మాటతో చెబితే చేసిందా, చేయి పట్టి చేయించారా అన్నది గుర్తులతో ఉంటుంది. త్రైమాసికానికోసారి మళ్లీ చూస్తారు. ఒక స్థాయిలో 80 శాతం వస్తే పై స్థాయికి మారుస్తారు. మూడు త్రైమాసికాలుగా అంకె కదలకపోతే పిల్లకు రావడం లేదనుకునే ముందు లక్ష్యం చిన్న ముక్కలు చేశారా అని అడగాలి. ‘అన్నం తినడం’ ఒక లక్ష్యం కాదు. కలపడం, ముద్ద చేయడం, నోటి దగ్గరికి తేవడం వేర్వేరు మెట్లు.

కళ్లకు గంతలు కట్టి హెచ్‌ఎంలను నడిపించే ఆట మీ కార్యక్రమంలో ఉంటే తీసేయండి. పది నిమిషాలు చీకట్లో తడబడితే మిగిలేది భయం, జాలి. చూపు లేని విద్యార్థి ఏళ్ల తరబడి అలవరచుకున్న నైపుణ్యం దాంట్లో కనిపించదు. ఆ అరగంట వైకల్యమున్న ఒక ఉద్యోగికో, ఒక తల్లికో ఇవ్వండి. మిగతా రిసోర్స్ పర్సన్లకిచ్చే గౌరవ వేతనమే వాళ్లకూ ఇవ్వండి.

పూట ముగిసేటప్పుడు ప్రతి హెచ్‌ఎం ఒక్క పని, ఒక తేదీ రాసిచ్చి వెళ్లాలి. ఐదు పనులు రాయనిస్తే ఒక్కటీ జరగదు. ఆరు వారాల తర్వాత ఆ కాగితం పట్టుకుని ఎవరో ఒకరు బడికి వెళ్లాలి. అది లేకపోతే మిగతాదంతా గోడకు చెప్పినట్టే.

ప్రశ్న: పిల్లల్లో వైకల్య లక్షణాలు గమనించే ప్రశస్త్ యాప్‌లో మా టీచర్లు తొమ్మిది మంది పిల్లలను గుర్తించారు. ఒక టీచర్ ‘మీవాడికి లెర్నింగ్ డిజేబిలిటీ ఉంది, ఫోన్‌లో వచ్చింది’ అని తల్లికి చెప్పేసింది. ఆమె వచ్చి గొడవ పెట్టింది. ఇప్పుడేం చేయాలి?
(కాంప్లెక్స్ హెచ్‌ఎం, వరంగల్)

జవాబు: ముందు ఆ తల్లికి మీరే చెప్పండి, అది జబ్బు నిర్ధారణ కాదని. ఎన్‌సీఈఆర్‌టీ రూపొందించిన ఈ సాధనం వడపోతకు మాత్రమే. మొదటి భాగం తరగతి టీచర్ నింపుతారు. అందులో తేలిన పిల్లలను ప్రత్యేక టీచర్ లేదా రిసోర్స్ పర్సన్ రెండో భాగంతో మళ్లీ చూస్తారు. ఆ నివేదికతో వైద్య పరీక్షకు పంపితే, వైకల్యం ఉందో లేదో చెప్పేది డాక్టర్ల బోర్డు. మీ బడిలో రెండో మెట్టు ఎక్కకుండానే మాట బయటికి వెళ్లింది.

వయసు కూడా చూడండి. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం నిర్దిష్ట అభ్యసన వైకల్యానికి 8 ఏళ్లు నిండాకే సర్టిఫికెట్ ఇస్తారు. మళ్లీ 14 ఏళ్లకు, 18 ఏళ్లకు పరీక్షిస్తారు. రెండో తరగతి పిల్లాడు అక్షరాలు తిప్పి రాస్తే సదరం స్లాట్ కోసం పరుగెత్తనక్కర్లేదు. బోధన మార్చి గమనించాలి. తొమ్మిది మందిలో చూపు, వినికిడి పరీక్ష కానివాళ్లు ఎందరో ముందు లెక్క తీయండి. వినపడక వెనకబడినవాణ్ని చదువు రానివాడి కింద కట్టేయడం పాత పొరపాటే.

ప్రశ్న: జాతీయ విద్యావిధానం చెప్పిన 50 శిక్షణ గంటలు హెచ్‌ఎంలకూ ఉన్నాయా? దీక్ష ఆన్‌లైన్ వేదికలో చేసిన కోర్సులు మా ప్రత్యేక టీచర్ల ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ రెన్యూవల్‌కు పనికొస్తాయా?

జవాబు: 2020 విధానం ఏటా 50 గంటలు టీచర్లకే కాదు, ప్రధానోపాధ్యాయులకూ కాంప్లెక్స్ బాధ్యులకూ చెప్పింది. ఆర్‌సీఐ లెక్క వేరు. దానికి ఆ మండలి ఆమోదించిన సీఆర్‌ఈ (నిరంతర పునరావాస విద్య) కార్యక్రమాల పాయింట్లే కావాలి. సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ లాంటి చోట్ల అవి జరుగుతుంటాయి. మీ వంతు పని వాళ్లను ఆన్‌డ్యూటీ మీద పంపడం. సెలవు పెట్టుకుని వెళ్లమంటే ఎవరూ వెళ్లరు.

ప్రశ్న: నేను భవిత కేంద్రంలో ఐఈఆర్పీని (సహిత విద్య రిసోర్స్ పర్సన్). రోజూ రెండు గంటలు మండలాఫీసులో ఆన్‌లైన్ ఎంట్రీలు చేయిస్తున్నారు. పిల్లల పని మిగిలిపోతోంది. పైవాళ్లకు ఎలా చెప్పాలి?
(రాయలసీమ నుంచి)

జవాబు: ఫిర్యాదుగా కాకుండా లెక్కగా చెప్పమ్మా. రోజుకు 6 గంటల చొప్పున వారానికి 36 గంటలు. ఇంటి దగ్గరే ఉన్న పిల్లలు 12 మంది అనుకుందాం. వారానికోసారి వెళ్తే, దారితో కలిపి ఒక్కొక్కరికి గంటన్నర, మొత్తం 18 గంటలు. ఆఫీసు ఎంట్రీలకు 12 గంటలు. ఇక కేంద్రానికి వచ్చే పిల్లలకు, మిగతా బడులకు కలిపి మిగిలేవి 6 గంటలు. నాలుగు వారాల పాటు ఏ గంట ఎక్కడ గడిచిందో అరపేజీలో రాసి ఇవ్వు. మాటకు రాని కదలిక ఆ కాగితానికి వస్తుంది.

ఇది చదివే ఎంఈఓలకు ఒక మాట. సుప్రీంకోర్టు 2021 తీర్పు తర్వాత కేంద్రం 2022 సెప్టెంబరులో విద్యాహక్కు చట్టం షెడ్యూలు మార్చింది. 1 నుంచి 5 తరగతుల్లో ప్రత్యేక అవసరాలున్న ప్రతి 10 మందికి, 6 నుంచి 8లో ప్రతి 15 మందికి ఒక ప్రత్యేక టీచర్ ఉండాలి. మండలమంతటికీ ఉన్న ఒకరిద్దరిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టుకునేటప్పుడు ఈ అంకెలు గుర్తుంచుకోండి. ఇంకొకటి: తీవ్ర, బహుళ వైకల్యమున్న పిల్లలకు ఇంటి దగ్గర చదువు అదే చట్టానికి 2012లో చేసిన సవరణ ఇచ్చిన హక్కు. కావాలంటే వాళ్లు ఎంచుకుంటారు. ర్యాంపు లేదనో, ఆయా లేదనో బడి అంటగట్టేది కాదు.

ప్రశ్న: పదో తరగతిలో సెరిబ్రల్ పాల్సీ ఉన్న అబ్బాయికి స్క్రైబ్ (అతను చెబితే పరీక్ష రాసిపెట్టే మనిషి) కావాలి. ఎప్పుడు మొదలుపెట్టాలి?
(హైస్కూల్ హెచ్‌ఎం, ఖమ్మం)

జవాబు: జూన్‌లో. జనవరిలో సదరం స్లాటు కోసం తిరిగితే పరీక్ష దాటిపోతుంది. 2018 ఆగస్టు కేంద్ర మార్గదర్శకాల ప్రకారం అదనపు సమయం గంటకు 20 నిమిషాలకు తగ్గకూడదు. అంటే 3 గంటల పరీక్షకు ఇంకో గంట. 40 శాతం కన్నా తక్కువ వైకల్యముండి రాయడం కష్టమైనవాళ్లకు 2022 ఆగస్టులో వేరే మార్గదర్శకాలు వచ్చాయి. మీ బోర్డు ఏటా ఇచ్చే ఉత్తర్వు కూడా జతచేసుకోండి.

అందరూ మరిచిపోయేది సాధన. చెప్పి రాయించడం వేరే విద్య. స్క్రైబ్ చదువు ఒక మెట్టు తక్కువుండాలి కాబట్టి తొమ్మిదో తరగతి విద్యార్థి వస్తాడు. ‘మూల సంకేతం లోపల ఎక్స్ స్క్వేర్’ అంటే ఎలా రాయాలో వాడికి ముందే తెలియాలి. బడిలో ముందుగా జరిగే ఎఫ్‌ఏ, ఎస్‌ఏ పరీక్షల్లోనే ఆ ఇద్దరినీ జతగా కూర్చోబెట్టండి.

ప్రశ్న: కాంట్రాక్టర్ ర్యాంపు కట్టాడు, పూర్తయినట్టు సంతకం అడుగుతున్నాడు. ఏం చూడాలి?

జవాబు: టేపు తీసుకెళ్లండి. వాలు 1:12 ఉండాలి, అంటే ఎత్తుకు పన్నెండు రెట్లు పొడవు. 15 సెంటీమీటర్ల మెట్లు మూడుంటే ఎత్తు 45, ర్యాంపు పొడవు 5.4 మీటర్లు. రెండు మీటర్లలో ముగించాడంటే అది జారుడు బండ. వెడల్పు 1.2 మీటర్లకు తగ్గకూడదు, రెండు పక్కలా పట్టుకునే కడ్డీ ఉండాలి. తర్వాత అక్కణ్నుంచి చక్రాల కుర్చీ దారిలోనే మరుగుదొడ్డి దాకా నడవండి. తలుపు సందు 90 సెంటీమీటర్లు లేకపోయినా, మధ్యలో ఒక్క గడప అడ్డొచ్చినా సంతకం పెట్టకండి.