శాండర్ పైపు చురుక్కుమంటోందా? ముందు ఏ షాకో తేల్చుకోండి

అన్నా, చెక్కని నునుపు చేసే శాండర్‌కి పొడి లాగే వ్యాక్యూమ్ పైపు తగిలించాక చేతికి చురుక్కుమంటోందన్నారు, అదీ మారతహళ్లిలో ఫిబ్రవరి ఎండలు మొదలయ్యాకే. స్టాటిక్ (రాపిడి వల్ల పేరుకునే విద్యుత్తు) అనే అనిపిస్తోంది. బెంగళూరులో ఈ నెలల్లో గాలి బాగా పొడిబారుతుంది. చెక్క పొడి ప్లాస్టిక్ గొట్టాన్ని రాసుకుంటూ పోతుంటే ఛార్జ్ పేరుకుంటుంది.

అయినా ముందు ఒకటి చూడండి. టప్‌మని ఒక్కసారి కొట్టి ఆగిపోతే స్టాటిక్. పట్టుకున్నంతసేపూ జివ్వుమంటుంటే కరెంటు లీకేజీ కావచ్చు. వెంటనే ప్లగ్ పీకేసి ఎలక్ట్రీషియన్‌కి ఎర్తింగ్ చూపించండి, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) లేకపోతే పెట్టించండి. అద్దె ఇళ్లలో సాకెట్‌కి ఎర్త్ కోసం ఉండే ఆ మూడో కన్నం చాలాచోట్ల అలంకారానికే.

స్టాటిక్ అయితే అసలు మందు యాంటీస్టాటిక్ పైపు. ఛార్జ్ దాని గుండా వ్యాక్యూమ్‌లోకి, అక్కణ్ణుంచి ఎర్త్‌కి పోతుంది. కానీ వ్యాక్యూమ్‌కి మూడు పిన్నుల ప్లగ్గు ఉండాలి, పైపు దూరే మూతి కూడా యాంటీస్టాటిక్‌దే అయ్యుండాలి. లేకపోతే వేలు పోసి కొన్నా దండగే. మీ శాండర్‌కి రెండు పిన్నులే ఉన్నాయని టెన్షన్ పడకండి, అది డబుల్ ఇన్సులేటెడ్ (కరెంటు బయటికి రాకుండా రెండు పొరల రక్షణ ఉన్నది), దానికి ఎర్త్ అక్కర్లేదు.

అప్పటిదాకా పైపు చుట్టూ తొడుగు లేని సన్నటి రాగి తీగ చుట్టి, ఎర్త్ ఉన్న మెషీన్ ఇనుప బాడీకి బిగించండి. పూర్తిగా పోదు, తగ్గుతుంది. తీగ కొసని సాకెట్ కన్నంలో మాత్రం దూర్చొద్దు.