‘నువ్వేమన్నా మా నాన్నవా?’ అన్నాడు తమ్ముడు

ఉత్తరం: మాది గుంటూరు. నాకు 36, తమ్ముడికి 20. మా మధ్య చెల్లెలు, పెళ్లయిపోయింది. 2017లో మిర్చి ధర పడిపోయినప్పుడు నాన్న సరుకంతా కోల్డ్ స్టోరేజీలో ఇరుక్కుని 18 లక్షల అప్పయింది. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి వచ్చి మిర్చి యార్డులో నాన్న కమీషన్ కొట్టు చూసుకుంటున్నాను. అప్పు 2023లో తీరింది. తమ్ముడు విజయవాడలో బీటెక్ మూడో ఏడు, కానూరులో రూమ్. నెలకి 8 వేలు పంపుతాను. క్యాంపస్ ఉద్యోగం వద్దు, వీడియో ఎడిటింగ్ చేసుకుంటానంటాడు. ఫోన్ ఎత్తడు. మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటాడు. సంక్రాంతికి గట్టిగా అడిగితే, నా భార్య ముందే ‘నువ్వేమన్నా మా నాన్నవా?’ అన్నాడు. నాన్న ఏమీ మాట్లాడరు. ఈ కాలం పిల్లలకి విశ్వాసం లేదండీ. డబ్బు ఆపేస్తే దారికొస్తాడా?

జవాబు: రాడు. రెండు వారాలు స్నేహితుల దగ్గర చేబదులు తీసుకుంటాడు, మూడో వారం ఇంకో రెండు ఎడిటింగ్ పనులు ఒప్పుకుని క్లాసులు ఎగ్గొడతాడు. మీరు దేన్ని మాన్పిద్దామనుకుంటున్నారో అదే పెరుగుతుంది. ఆ ప్రశ్న సంగతి అంతే.

మీ ఉత్తరం పూర్తిపాఠంలో తమ్ముడి జుట్టు గురించే నాలుగు వాక్యాలున్నాయి. ఈ గొడవలో నాన్నగారి తీరు గురించి మాత్రం ఒక్కటే: ‘నాన్న ఏమీ మాట్లాడరు’. నేను ఆగిపోయింది అక్కడే. మీ పేచీ తమ్ముడితో కాదు, నాన్నగారితో.

ఆయన కొట్టు తాళాలు మీ చేతిలో పెట్టారు. వాటితోపాటు తండ్రి స్థానం కూడా పెట్టేశారు, నోరు తెరిచి ఆ మాట అనకుండానే. మీరు రెండూ మోశారు. 18 లక్షలకి రెండ్రూపాయల వడ్డీ అని రాశారు కదా, అంటే నెలకి 36 వేలు. మొదటి ఏడాది వడ్డీ ఒక్కటే 4,32,000. అసలు తగ్గడం మొదలయ్యేదాకా ఎన్ని రాత్రులు నిద్ర పట్టి ఉండదో ఊహించగలను. 27 ఏళ్లకి నెత్తినెత్తుకుని ఆరేళ్లలో దించడం చిన్న విషయమేమీ కాదు. మరి తీరిన రోజున ఇంట్లో ఎవరైనా ఆ మాటన్నారా? అని ఉంటే మీరు తప్పకుండా రాసేవారు. అనవలసింది నాన్నగారు. అక్కడ రాని బాకీని తమ్ముడి పేరున రాసుకుని ఎనిమిది వేలు పంపిన ప్రతిసారీ వసూలుకి వెళ్తున్నారు. ఒక రైతు పద్దు ఇంకో రైతు ఖాతాలో రాస్తే ఏమవుతుందో యార్డులో ఉన్నవారికి నేను చెప్పక్కర్లేదు.

అప్పుడు వాడికి పదకొండో పన్నెండో. నాన్న దిగులుగా ఉన్నాడు, అన్నయ్య వచ్చేశాడు, ఇంట్లో అరుపులు ఎక్కువయ్యాయి... వాడికి తెలిసిన 2017 అంతే. 36 వేల అంకె వాడి చెవిన పడనివ్వలేదు, చిన్నపిల్లాడని దాచారు. దాచిపెట్టిన దానికి విశ్వాసం చూపించమంటే ఎక్కణ్ణుంచి తెస్తాడు?

ఇక ‘ఈ కాలం పిల్లలు’ అన్న మాట. ఒక తల్లి బిడ్డలే అయినా మీరిద్దరూ పెరిగింది ఒకే ఇల్లు కాదు. మీరు ఎంసెట్ రాసిన రోజుల్లో ఇంటినుంచి ఫోన్ వచ్చిందంటే పరిగెత్తుకెళ్లి ఎత్తేవారు, అది ముఖ్యమైతేనే వచ్చేది కాబట్టి. వాడి ఈడు పిల్లలకి ముందు చెప్పకుండా ఫోన్ మోగిందంటే ఏదో కొంప మునిగిందని, లేదా తిట్లు సిద్ధంగా ఉన్నాయని. మీరు పంపిన మెసేజ్‌లు మీరే ఒకసారి పైకి జరిపి చూసుకోండి. ‘అటెండెన్స్ చూసుకో.’ ‘ఫీజు కట్టాను.’ ‘జుట్టు కత్తిరించుకో.’ ఒక్కదానిలోనూ ప్రశ్న లేదు. ఆజ్ఞకి బొటనవేలు కాక ఇంకేం పెడతాడు?

ఇంకొకటి, మీరు దాన్ని సరదాగా రాశారు గానీ నాకు సరదాగా లేదు: వాణ్ణి ‘కరోనా బ్యాచ్, పరీక్ష రాయకుండా పాసైనోడు’ అంటారట. 2021లో మన రాష్ట్రంలో పదో తరగతి పరీక్షలు రద్దు చేసింది ప్రభుత్వం. ఆ రోజుల్లో నెలల తరబడి ఆ పిల్లవాడికి ఫోనే బడి. బడి అని చేతిలో పెట్టింది పెద్దలు, ఇప్పుడు ఫోన్ పిచ్చి అంటున్నదీ పెద్దలే. ఆ తర్వాత ఇంటర్ రాశాడు, ఈఏపీసెట్ రాశాడు, సీటు తెచ్చుకున్నాడు. ఆ ఎగతాళి ఈ రోజుతో మానేయండి. వదిన ముందు, మేనల్లుళ్ల ముందు అలా అనిపించుకున్న కుర్రాడు పండగపూట వదిన ముందే తిరగబడ్డాడంటే ఆశ్చర్యమేముంది?

ఉద్యోగం గొడవ మీరనుకున్నంత పెద్దది కాదు. లెక్కలు చూసి తేల్చే పనిని మర్యాద గొడవగా మార్చుకున్నారు. ఎడిటింగ్ మీద ఎంత వస్తోందని అడిగారా? అడగండి, అయితే సరుకు నాణ్యం చూసే వ్యాపారిలా అడగండి. గత ఆరు నెలల్లో ఖాతాలో పడిందెంత, ఎంతమంది దగ్గర్నుంచి? ఒక్కరి దగ్గర్నుంచే అయితే వాళ్లు మానేసిన నెల ఏమిటి? పని మొదలుపెట్టే ముందు సగం డబ్బు తీసుకుంటున్నాడా? మార్పులు ఎన్నిసార్లు చేసిపెడతానని ముందే చెబుతున్నాడా? ఈ పనిలో కొత్తవాళ్లు మునిగేది ఎక్కువగా ఈ రెండు చోట్లే. అడ్వాన్సు లేకుండా మొదలుపెడతారు, పదోసారి మార్పు కూడా ఉచితంగా చేసిపెడతారు. కమీషన్ కొట్టు నడిపే మీకు ఇవన్నీ కొట్టిన పిండి. వాడికి మీ దగ్గర నేర్చుకోవడానికి నిజంగా ఉన్నది ఇదే, మీరేమో అటెండెన్స్ చెబుతున్నారు!

క్యాంపస్ విషయంలో ఒక్కదానికి మాత్రం పట్టుపట్టండి: బ్యాక్‌లాగులు ఉండకూడదు. నాలుగో ఏడు మొదలయ్యే సమయానికి ప్లేస్‌మెంట్లకి పేర్లు తీసుకుంటారు. ఒక్క సబ్జెక్టు మిగిలి ఉన్నా చాలా కంపెనీలు రానివ్వవు. పేరు ఇచ్చినంత మాత్రాన చేరి తీరాలని లేదు, ఇవ్వకపోతే మాత్రం ఆ తలుపు మూసుకుంటుంది. ఇంతవరకు చెప్పి ఆపండి. డిగ్రీ చేతికొచ్చాక ఆరు నెలలు ఎడిటింగ్‌కి గడువు ఇవ్వొచ్చు, ఆ ఆరు నెలల్లో రూము అద్దె, భోజనం వాడే పెట్టుకోవాలన్న షరతు మీద. అయితే ఈ మాటలు చెప్పవలసింది మీరు కాదు.

అందుకని ముందు నాన్నగారి దగ్గరికి వెళ్లండి. ఇప్పుడొద్దు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా టిక్కీల (మిర్చి బస్తాల) మధ్య మీకు ఊపిరాడదు, ఆ అలసటలో నోరు జారుతుంది. మే నెలలో యార్డుకి వేసవి సెలవులిస్తారు కదా, మొదటి వారంలోనే కూర్చోండి. ఇంట్లో వద్దు. అమ్మ కాఫీ పట్టుకొచ్చి మాట మారుస్తుంది, ఆవిడ పద్ధతే అదని మీ ఉత్తరమే చెబుతోంది. పొద్దున్నే ఆయన్ని బండెక్కించుకుని మంగళగిరి తీసుకెళ్లండి, దర్శనమయ్యాక పానకం తాగి ఒక పక్కన కూర్చుని మాట్లాడండి. ఎదురెదురుగా కాకుండా పక్కపక్కన కూర్చుంటే మగవాళ్లకి మాట తేలిగ్గా వస్తుంది.

‘నన్ను మెచ్చుకోలేదేం’ అని అడగొద్దు. నష్టపోయిన మనిషి, కొడుకు ముందు తలెత్తలేకే నోరు కట్టేసుకున్నాడు. నిలదీస్తే ఇంకా ముడుచుకుపోతాడు. మీరు అడగవలసింది సాయం. ‘తమ్ముడి విషయం నావల్ల కావట్లేదు నాన్నా, అది మీరు చూసుకోవాలి’ అనండి. ఆ మాట పరువు తక్కువని మీకు అనిపించొచ్చు. నాకైతే అందులోనే మీ ఇద్దరి పరువూ కనబడుతోంది. అప్పుల పుస్తకం ఇంకా ఉంటే వెంట తీసుకెళ్లండి. ఎప్పుడు ఎంత కట్టారో ఆయన చేతే చదివించండి. మీరు వినాలనుకుంటున్న మాట అప్పుడు వస్తే వస్తుంది. రాకపోతే ఆ పుస్తకాన్ని తమ్ముడికి చూపించమని అడగండి. మీరు మాత్రం చూపించొద్దు, మీరు చూపిస్తే అది దెప్పిపొడుపవుతుంది.

తర్వాత డబ్బు. జూన్ నుంచి ఆ 8 వేలు తమ్ముడికి పంపడం మానండి. ప్రతి నెలా 1న నాన్నగారి ఖాతాలో వేయండి, ఆయన పంపిస్తారు. ఆయనకి ఫోన్‌లో డబ్బు పంపడం రాదంటారు. మంచిదే, తమ్ముడు నేర్పుతాడు. ఒక ఆదివారం వాణ్ణి పిలిచి ఇద్దర్నీ కూర్చోబెట్టి మీరు బయటికి వెళ్లిపోండి. ముందు రూపాయి పంపించి చూపిస్తాడు, ఆయన పిన్ మర్చిపోతారు, వాడు విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి. ఎన్నేళ్లయిందో వాళ్లిద్దరూ ఒక పని మీద గంటసేపు కలిసి కూర్చుని. కాలేజీ ఫీజు కట్టడానికి, సెమిస్టర్ మార్కులు అడగడానికీ ఆయన్నే వెళ్లనివ్వండి. గుంటూరు నుంచి బెజవాడ బస్సెక్కితే గంట, గంటంపావు ప్రయాణం. ఆయన వెళ్లగలరు.

మీకూ తమ్ముడికీ మధ్య మిగిలేది అన్నదమ్ముల వరస ఒక్కటే, దానికి తొందరేమీ లేదు. వారానికి ఒక్కసారి ‘ఖాళీనా?’ అని మెసేజ్ పెట్టి, అవునన్నాకే ఫోన్ చేయండి, పది నిమిషాలు. మొదటి నాలుగు వారాలు ఫీజు, మార్కులు, జుట్టు ప్రస్తావన వద్దు. వాడు చేసిన వీడియో ఒకటి పంపమనండి, చూసి ఎక్కడ బాగుందో చెప్పండి. చూడకుండా ‘సూపర్’ అంటే వాడికి తెలిసిపోతుంది. మొదట్లో ‘ఏంటి విషయం?’ అని అనుమానంగానే అడుగుతాడు. సాధారణంగా మూడో వారంలో మీ నోటే ‘మా రోజుల్లో’ అనే మాట వస్తుంది. వచ్చిందనుకోండి, వెంటనే ‘సరే, వదిలెయ్’ అని మళ్లీ వీడియో దగ్గరికి రండి.

మీ ఆవిడని మాత్రం ఇందులో మధ్యవర్తిని చేయకండి. వాడు వదినకి చెప్పిన మాట వదిన దగ్గరే ఆగాలి. అది మీ చెవికి చేరుతోందని తెలిసిన రోజున ఆ తోవ కూడా పోతుంది.

చివరిగా ఒక ఇబ్బంది ముందే చెబుతున్నాను. మొదటి నెల నాన్నగారు డబ్బు పంపడం మర్చిపోతారు. అమ్మ ‘ఎందుకురా ఆయన్ని కష్టపెట్టడం, నువ్వే వేసెయ్’ అంటుంది. 3వ తేదీ సాయంత్రం తమ్ముడు మీకే ఫోన్ చేస్తాడు. మీ వేలు ఆ మీట మీదికి వెళ్తుంది. వెయ్యకండి. ‘నాన్నకి ఫోన్ చెయ్యరా’ అని చెప్పి పెట్టేయండి.