మా బడికి సంగీతం టీచరును అడగవచ్చా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఏడో తరగతి చదువుతోంది. ఆరు నుంచి ఎనిమిది వరకు 130 మంది పిల్లలున్నారు. డ్రాయింగ్ మాస్టారు రెండేళ్ల క్రితం రిటైరయ్యాక ఆ స్థానంలోకి ఎవరూ రాలేదు. సంగీతం టీచరు మొదటినుంచీ లేరు. టైంటేబుల్లో డ్రాయింగ్ పీరియడ్ ఉంది కాని ఆ గంటలో లెక్కలు చెబుతున్నారు. ఈ ఏడాది నేను పాఠశాల కమిటీ సభ్యురాలినయ్యాను. సమావేశంలో ఈ మాట ఎత్తితే, “అవన్నీ ఎక్స్‌ట్రాలమ్మా, ముందు పదో తరగతి రిజల్టు చూడాలి” అన్నారు. అసలు అడగడమే తప్పా? అడిగితే ఏ ఆధారంతో అడగాలి?
– ఒక తల్లి, రాజోలు ప్రాంతం

జవాబు: తప్పేమీ లేదు, పైగా అడగవలసిన చోటే మీరు కూర్చుని ఉన్నారు. బడికి ఎందరు ఉపాధ్యాయులు, ఏయే వసతులు ఉండాలో 2009 నాటి విద్యాహక్కు చట్టం చివరనున్న అనుబంధం చెబుతుంది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు పిల్లలు 100 మందికి మించితే కళావిద్యకు, ఆరోగ్య వ్యాయామ విద్యకు, పని విద్యకు పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్లు ఉండాలని అందులో రాసి ఉంది. మీ లెక్క 130 కాబట్టి “ఎక్స్‌ట్రా” అన్న మాట అక్కడ నిలవదు. అదే చట్టంలోని 22వ సెక్షన్ ప్రకారం పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారుచేయవలసింది మీ కమిటీయే, ప్రభుత్వ నిధులకు ఆధారం కావలసిందీ ఆ ప్రణాళికే. అందుచేత నోటిమాటతో ఊరుకోకుండా, ఖాళీ సంగతి ప్రణాళికలో రాయించి, మినిట్స్ పుస్తకంలో తీర్మానంగా ఎక్కించి, ఒక ప్రతిని మండల విద్యాశాఖాధికారి కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి.

చట్టంలో రెండు వెలుతులున్నాయని మాత్రం ముందే తెలుసుకోవడం మంచిది. లంక గ్రామాల్లోనూ కాలువ గట్ల వెంట ఊళ్లలోనూ వంద మంది నిండని బడులకు ఈ నిబంధన వర్తించదు. రెండోది మీకు నేరుగా తగిలేది: “కళావిద్య” అన్న ఒక్క మాటలో అన్ని కళలూ ఇమిడిపోయాయి. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం సంగీతాన్ని, నాట్యాన్ని, నాటకాన్ని, దృశ్యకళలను విడివిడిగా పేర్కొని, కళావిద్యను పదో తరగతి దాకా అందరికీ నేర్పాలని సిఫారసు చేసింది. తీరా ఒక్క మనిషిని వేసే వేళకు ఆ మనిషి డ్రాయింగ్ మాస్టారే అవుతారు. లోయరు, హయ్యరు డ్రాయింగ్ పరీక్షలు పాసై, వేసవిలో 42 రోజుల టీటీసీ అనే ఉపాధ్యాయ శిక్షణ చేసినవారు దొరికినంత సులువుగా సంగీతంలో నాలుగేళ్ల సర్టిఫికెట్, ఆపైన రెండేళ్ల డిప్లొమా చేసినవారు పల్లెటూళ్లలో దొరకరు. కాబట్టి తీర్మానంలో “సంగీతం” అన్న మాట విడిగా రాయించండి.

“మన గోదావరి నీళ్లలోనే సంగీతం ఉంది, దానికి బడెందుకు?” అనేవారు కూడా మీకు తగులుతారు. మీకు దగ్గరి శంకరగుప్తంలో పుట్టిన గాయకులు మంగళంపల్లి బాలమురళీకృష్ణ, ద్రాక్షారామంలో పుట్టిన వీణ విద్వాంసులు ఈమని శంకరశాస్త్రి, పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ పేర్లు వరసపెట్టి చెబుతారు. ఆ పేర్లు నాకూ గర్వకారణమే. అయితే బాలమురళి తండ్రి వేణువు వాయించేవారు, తల్లి వీణ వాయించేవారు. ఈమని తండ్రి వైణికులు. శ్రీనివాస్ తండ్రి క్లారినెట్ వాయించేవారు. ముగ్గురూ వాద్యం మోగే ఇంట్లో పుట్టారు. రొయ్యల చెరువు మీద కూలికి వెళ్లే ఇంటి పిల్లకు, మగ్గమూ కుట్టుమిషనూ తప్ప మరో చప్పుడు తెలియని ఇంటి పిల్లకు ఆ అవకాశం బడి ఇవ్వకపోతే ఇంకెవరిస్తారు? ఆ మాట అనేవారిని ఈ ప్రశ్నే అడగండి.

బొమ్మల విషయంలో ఇక్కడే ఒక పాత ఉదాహరణ ఉంది. బొమ్మలు నేర్పడం రాజమండ్రి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే ఉద్యోగం కాదు. అయినా దామెర్ల రామారావులోని చిత్రకారుణ్ణి గుర్తించి ప్రోత్సహించినది ఆయనే. అడివి బాపిరాజు కూడా ఆయన శిష్యుడే. దామెర్ల 1925లో, ముప్పై ఏళ్లైనా నిండకుండా పోయారు. ఆయన చిత్రాలు ఈనాటికీ రాజమహేంద్రవరంలో ఆయన పేరిట ఉన్న ఆర్ట్ గ్యాలరీలో ఉన్నాయి. మీ బడి పిల్లల్ని ఒకసారి తీసుకువెళ్లమని అడగండి. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు చెప్పిన పది “పుస్తకాల సంచి లేని రోజుల్లో” ఒకటి అందుకు సరిపోతుంది.

మాస్టారు వచ్చినంత మాత్రాన పని అయిపోయినట్లు కాదు. ఆమధ్య ఒక మండల కేంద్రంలో పిల్లల చిత్రాల ప్రదర్శన చూశాను. గోడకు అంటించిన బొమ్మల్లో సగానికి పైగా ఒకటే దృశ్యం: రెండు కొండలు, నడుమ సూర్యుడు, కిందికి దిగే ఏరు. కనుచూపు మేర కొండన్నది లేని కోనసీమలో ఆ కొండలు ఎక్కడివి? డ్రాయింగ్ పుస్తకం నుంచి దిగినవి. ఒక మూలన మాత్రం ఎవరో పిల్లవాడు లాకుల దగ్గర ఆగిన పడవను, దాని మీద ఆరేసిన లుంగీని, లుంగీకి ఉన్న చిరుగుతో సహా గీశాడు. బహుమతి కొండలకే వచ్చింది. వార్షికోత్సవానికి నాలుగు రోజుల ముందు డ్యాన్స్ మాస్టరును కుదిర్చి, పెద్ద బాక్సుల్లో సినిమా పాట పెట్టి ఎగిరించడాన్ని కూడా నేను కళావిద్య కింద లెక్కవేయలేను.

ప్రశ్న: నేను ప్రాథమిక పాఠశాలలో ఎస్‌జీటీని (సెకండరీ గ్రేడ్ టీచరుని). పాటంటే ఇష్టమే కాని శ్రుతి తెలియదు, హార్మోనియం రాదు. పిల్లలకు ఏమైనా నేర్పగలనా?
– ఒక ఉపాధ్యాయుడు, భీమవరం ప్రాంతం

జవాబు: నేర్పగలరు. మాండలిన్ శ్రీనివాస్ గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడితే పిల్లవాడు వాయించేవాడు. అయితే సుబ్బరాజుగారు గట్టి గాయకులన్న సంగతి మనం మరవకూడదు! మీరు తాళంతో మొదలుపెట్టండి. ఆదితాళానికి కావలసింది ఒక చెయ్యి, ఒక తొడ: ఒక దెబ్బ, చిటికెనవేలు, ఉంగరపువేలు, నడిమివేలు, తర్వాత దెబ్బ, తిప్పు (అరచేతిని వెల్లకిలా తిప్పడం), దెబ్బ, తిప్పు. ఎనిమిది లెక్కలు. మీ పిల్లలకు వచ్చిన ఏ పద్యాన్నో పాటనో ఆ లెక్కలో కూర్చోబెట్టి చూడండి. వారం తిరిగేసరికి ఎవరు జారుతున్నారో వాళ్లే పట్టుకుంటారు.

మగ మాస్టార్లు తరచుగా చేసే పొరపాటు ఒకటుంది. తమ గొంతుకు సుఖమైన శ్రుతిలో (పాటకు ఆధారమైన స్వరం; అంకె పెరిగేకొద్దీ స్థాయి పెరుగుతుంది), అంటే ఒకటి దగ్గర పాట ఎత్తుకుంటారు. చిన్నపిల్లల గొంతు ఐదు దగ్గర హాయిగా పలుకుతుంది కాబట్టి కింది స్వరాలు వాళ్లకు అందక గొణుగుతారు, మనమేమో “వీళ్లకు పాట రాదు” అనేస్తాం. ఫోనులో శ్రుతి యాప్ ఐదులో పెట్టి, గొంతు బాగున్న పిల్లచేత ఎత్తుకోనిచ్చి, మీరు వెనక తాళం వేయండి. బీరువాలో పాత హార్మోనియం ఉంటే దాన్ని నమ్ముకోకండి. మన తేమకు లోపలి ఇత్తడి రీడ్లు చిలుముపట్టి ఉంటాయి, బాగుచేయించేదాకా అది తప్పుడు స్వరమే పలుకుతుంది.