ఒడ్డు రూటు తీసుకున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మలుకు,

మామయ్య ఆశీస్సులు. నీళ్ల ఒడ్డున ఉన్న పార్కుకు ఈ సీజన్‌లో బస్సులు నడిపే పని నీకు అప్పగించారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషించాను. ఆ రాత్రి నిద్ర పట్టక, ఈ ఉత్తరంలో నీకు ఏమేం రాయాలా అని ఆలోచిస్తూ పడుకున్నాను. డిపోల్లో ముప్ఫై ఏళ్లు చేశాను. అందులో పదకొండు సీజన్లు నాది ఇలాంటి ఒడ్డు రూటే. నీకిచ్చిన ఫైలులో రూటు మ్యాపు, బస్సుల లెక్క, బడ్జెట్ అన్నీ ఉండే ఉంటాయి. అందులో ఉండనివి రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఇది. టైమ్‌టేబుల్‌ని ఉదయం మొదటి బస్సు నుంచి మొదలుపెట్టకు. రాత్రి ఆఖరి బస్సు దగ్గర మొదలుపెట్టి వెనక్కి వేసుకుంటూ రా. ఉదయం జనం ఒకేసారి రారు. తొమ్మిదింటి నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా కొద్దికొద్దిగా వస్తారు. బస్సు నిండిపోతే తర్వాతిదాని కోసం ఆగుతారు, విసుగొస్తే ఇంటికి వెళ్లిపోతారు. సాయంత్రం అలా కాదు. పొద్దు వాలగానే అందరూ ఒక్కసారే లేస్తారు. అప్పటికి పిల్లలు అలిసిపోయి ఉంటారు, బట్టలు తడిసి ఉంటాయి, ఫోన్లలో ఛార్జింగ్ ఉండదు. నీ బస్సును నమ్మి బండి ఇంట్లో వదిలి వచ్చినవాళ్లకు ఇంకో దారి లేదు.

నా మొదటి సీజన్‌లో ఆఖరి బస్సు రాత్రి 8 గంటలకు పెట్టాను. ఒక ఆదివారం నేనే పార్కు స్టాపులో డ్యూటీలో ఉన్నాను. 8 గంటల బస్సు వచ్చేసరికి వందమందికి పైగా నిలబడి ఉన్నారు. సర్ది సర్ది 65 మందిని ఎక్కించాం. మిగిలినవాళ్లలో ఒక పెద్దావిడ, ఆమె మనవరాలు ఉన్నారు. పిల్ల తడి గౌనుతో వణుకుతోంది. "ఇంకో బస్సు ఉంది కదా బాబూ?" అని అడిగిందావిడ. డిపోకు ఫోన్ చేస్తే స్పేర్ బస్సు ఉంది కానీ డ్రైవర్ లేడు. వెళ్లిన బస్సునే అవతల ఖాళీ చేయించి వెనక్కి రప్పించాను. అది రావడానికి గంటా పది నిమిషాలు పట్టింది. అంతసేపూ ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేదనిపించింది. మర్నాడే టైమ్‌టేబుల్ మార్చాను.

ఇప్పుడు లెక్క చూడు. వెళ్లడానికి 25 నిమిషాలు, రావడానికి 25, రెండు చివరలా ఆగడానికి కలిపి 10 అనుకుందాం. ఒక బస్సు చుట్టి రావడానికి 60 నిమిషాలు. పావుగంటకొక బస్సు కావాలంటే 4 బస్సులు చాలు. ఆఫీసులో ఎవరిని అడిగినా ఇదే చెబుతారు. కానీ ఆదివారం మధ్యాహ్నం అదే దారిలో 25 నిమిషాలు కాస్తా 40 అవుతాయి. చుట్టు 90 నిమిషాలవుతుంది. పావుగంటకొకటి కావాలంటే 6 బస్సులు ఉండాలి. నీ దగ్గర నాలుగే ఉంటే బస్సుల మధ్య ఎడం 22 నిమిషాలు దాటుతుంది. బోర్డు మీద మాత్రం 15 అనే ఉంటుంది.

ఇంకో లెక్క కూడా వేసుకో. పగలంతా నీ బస్సులు 500 మందిని దించాయనుకో. వాళ్లలో 350 మంది పొద్దుగూకే వేళ ఒకే గంటలో తిరుగుముఖం పడితే? గంటకు 4 బస్సులు, ఒక్కోదానిలో 65 మంది చొప్పున 260 మంది వెళతారు. 90 మంది స్టాపులోనే ఉండిపోతారు. అదే పది నిమిషాలకొక బస్సు వస్తే 390 మందికి చోటు ఉంటుంది. అందుకే ఉదయం 20 నిమిషాలకొక బస్సు నడిపి, ఆ మిగిలిన బస్సునీ డ్రైవర్‌నీ సాయంత్రానికి దాచుకో. పైవాళ్లు ఉదయం బస్సులు తక్కువయ్యాయని అడిగితే ఈ లెక్కే చూపించు.

సాయంత్రం బస్సుల్ని తొందరగా తిప్పడానికి ఒక ఉపాయం ఉంది. ఆ వేళ పార్కు వైపు వెళ్లేవాళ్లు పెద్దగా ఉండరు. ఇంటికి వచ్చే వైపే ట్రాఫిక్ అంతా. కాబట్టి పార్కుకు వెళ్లే బస్సుల్లో ఒకటి విడిచి ఒకటి మధ్యలో ఎక్కడా ఆపకుండా నేరుగా పంపించు. ఒక్కో ట్రిప్పుకు ఏడెనిమిది నిమిషాలు కలిసొస్తాయి. బస్సు ఖాళీగా పోతోందని ఎవరైనా రాసుకుంటే రాసుకోనీ. ఒడ్డు రూటు తీరే అంత. ఉదయం నిండుగా వెళ్లి ఖాళీగా వస్తుంది, సాయంత్రం ఖాళీగా వెళ్లి నిండుగా వస్తుంది. ఆ చివర పార్కు తర్వాత ఇక నీళ్లే. అవతలి నుంచి ఎక్కేవాళ్లు ఎవరూ ఉండరు. రెండు వైపులా కలిపి ఆక్యుపెన్సీ, అంటే బస్సు ఎంత శాతం నిండిందన్న లెక్క, తీస్తే ఎప్పుడూ సగం కంటే పెద్దగా పైకి రాదు. మామూలు సిటీ రూటుతో దీన్ని పోల్చి ఆపేద్దామంటారు. రిపోర్టులో మొదటి నుంచీ వెళ్లే వైపు, వచ్చే వైపు విడివిడిగా చూపించు.

ఇక గేటు సంగతి. అమ్మలూ, నా అనుభవంలో ఒడ్డు రూట్లను చంపేది బస్సుల కొరత కాదు, పార్కింగ్ క్యూ. ఇలాంటి పార్కులకు చాలాచోట్ల లోపలికి ఒకటే రోడ్డు ఉంటుంది. పార్కింగ్ నిండగానే కార్లు రోడ్డు మీద బారులు తీరుతాయి. ఆ కార్ల వెనకే నీ బస్సూ నిలబడుతుంది. 65 మంది ఉన్న బస్సు, ఇద్దరున్న కారు ఒకే క్యూలో ఉంటే ఇంకెవరైనా బస్సెందుకు ఎక్కుతారు? కారులోనే ఏసీ వేసుకుని కూర్చుంటారు. ఆఖరి అర కిలోమీటరైనా బస్సుకు విడిగా దారి కావాలి. రోడ్డు ఇరుకైతే పార్కింగ్ నిండినట్టు తెలిపే బోర్డు చాలా ముందే, కార్లు వెనక్కి తిరగగలిగిన కూడలి దగ్గరే పెట్టించాలి. అదీ కుదరకపోతే రద్దీ వేళల్లో కార్లను ఆపి బస్సునే వదలాలి.

ఇది అయ్యే పని కాదని నీతో అంటారు. అమెరికాలోని జయాన్ నేషనల్ పార్కు సంగతి చెప్పు. అక్కడి లోయలో కార్ల రద్దీ తట్టుకోలేక 2000లో షటిల్ బస్సులు, అంటే అదే దారిలో అటూ ఇటూ తిరుగుతూ ఉండే బస్సులు, పెట్టారు. అవి తిరిగే సీజన్‌లో లోయ రోడ్డు మీదికి మామూలు కార్లను రానివ్వరు. అమెరికాలోనే సముద్రం ఒడ్డున ఉన్న అకేడియా పార్కులో 1999 నుంచి సీజన్ బస్సులు నడుస్తున్నాయి. జూన్ చివర మొదలై అక్టోబర్ మధ్య దాకా తిరుగుతాయి. ఎక్కినవాళ్లు ఛార్జీ ఇవ్వక్కర్లేదు, పార్కు ప్రవేశ రుసుములో కొంత ఆ బస్సుల ఖర్చుకు వెళుతుంది. నీ పార్కుకు ఇవన్నీ యథాతథంగా సరిపోతాయని కాదు. బస్సు బాగా నడవాలంటే కారు ఎక్కడో ఒకచోట తగ్గాలి. ఆ మాట మీటింగులో గట్టిగా అను.

పార్కువాళ్లతో, ట్రాఫిక్ పోలీసులతో కుదిరిన ప్రతి మాటనూ కాగితం మీద పెట్టించు. గేటు దగ్గర ప్రతి ఆదివారం ఒకే మనిషి ఉండడు. "రోడ్డు మూసేసినా బస్సును వదలాలి" అని రాసిన కాగితం కాపీ ఒకటి ప్రతి డ్రైవర్ దగ్గరా ఉండాలి.

బస్సు తిరిగే చోటును స్వయంగా చూడు. 12 మీటర్ల బస్సు ఒక్క తిప్పులో మళ్లాలంటే దాదాపు 25 మీటర్ల వెడల్పు ఖాళీ కావాలి. మేం ఒక రూటుకు బుధవారం మధ్యాహ్నం ట్రయల్ వేశాం. బస్సు హాయిగా తిరిగింది. ఆదివారం వెళ్లేసరికి ఆ మలుపు చుట్టూ కార్లు పెట్టేశారు. డ్రైవర్ పిల్లలు పరుగెత్తే చోట బస్సును రివర్స్ చేయాల్సి వచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఇప్పటికీ తలుచుకుంటే గుండె దడదడలాడుతుంది. రివర్స్ చేయాల్సిన అవసరం ఉన్న చోట స్టాపు పెట్టకు. నడక ఇంకో వంద మీటర్లు పెరిగినా సరే. వీల్‌చైర్‌లో వచ్చేవాళ్లకు, చంటిపిల్లల బండ్లు తోసుకొచ్చేవాళ్లకు ఆ వంద మీటర్లు చదునుగా ఉండేట్టు మాత్రం చూసుకో. మెట్లెక్కే పని లేకుండా నేల కిందికి ఉండే లో-ఫ్లోర్ బస్సులు డిపోలో కొన్నే ఉంటే అవే ఈ రూటుకు అడుగు.

ఎక్కించడంలోనే చాలా టైమ్ పోతుంది. ఒక్కో మనిషికి 4 సెకన్లు పడితే 60 మంది ఒకే తలుపు నుంచి ఎక్కడానికి 4 నిమిషాలు. చిల్లర, టికెట్ మాటలు కలిస్తే ఇంకా ఎక్కువ. అలా ఆలస్యమైన బస్సు తర్వాతి స్టాపుల్లో ఇంకా ఎక్కువమందిని ఎక్కించుకుని మరింత ఆలస్యమవుతుంది. వెనకది ఖాళీగా వచ్చి దాన్ని పట్టేస్తుంది. ఇలా బస్సులు జతపడిపోవడాన్ని 1964లోనే న్యూవెల్, పాట్స్ అనే ఇద్దరు పరిశోధకులు లెక్కగట్టి చూపించారు. మేం రోజూ కళ్లతో చూశాం. అందుకని ఉదయం ఎక్కేటప్పుడే రానూపోనూ టికెట్ ఇచ్చేయండి. సాయంత్రం రెండు తలుపులూ తెరిచి ఎక్కించండి. వరుసలో నిలబడేందుకు రెయిలింగ్ పెట్టించు. స్టాపులో లైటు, నీడ, తాగునీరు, దగ్గర్లో టాయిలెట్ ఉండాలి. ఆ టాయిలెట్ డ్రైవర్లకూ కావాలి. ఆ మాట ఫైలులో ఎవరూ రాయరు.

పాత సిటీ రూటునే పార్కు దాకా పొడిగించాలా, విడిగా షటిల్ పెట్టాలా అని నిన్ను అడుగుతారు. పొడిగిస్తే బస్సు మారే పని తప్పుతుంది, నిజమే. కానీ పార్కు రోడ్డు మీద ఇరుక్కున్న బస్సు ఆలస్యం ఊరి రెండో చివర ఆసుపత్రికి పోయేవాడి మీద పడుతుంది. మొదటి సీజన్‌కు షటిలే మేలని నా అభిప్రాయం. రైలో మెట్రోనో తరచుగా వచ్చే స్టేషన్ దగ్గర మొదలుపెట్టు. పార్కు నిండినప్పుడు ఆ కబురు ఆ స్టేషన్‌లోనే చెప్పించు, జనం బస్సెక్కకముందే.

వాన గురించి. మబ్బు పట్టిన పది నిమిషాల్లో పార్కు మొత్తం నీ స్టాపుకు వచ్చేస్తుంది. దానికి టైమ్‌టేబుల్ ఉండదు. శని, ఆదివారాల్లో మధ్యాహ్నం నుంచి ఒక బస్సును డ్రైవర్‌తో సహా దగ్గర్లో నిలిపి ఉంచు. దాన్ని పిలిచే అధికారం పార్కు స్టాపులో ఉన్న సూపర్‌వైజర్‌కే ఇవ్వు. డిపోకు ఫోన్ చేసి, వాళ్లు పైవాళ్లకు చేసి, ఇంతలో జనం తడిసి ముద్దవుతారు. ఎండ బాగున్న రోజు ఆ బస్సు ఊరికే నిలబడిందని ఎవరన్నా అంటే పట్టించుకోకు.

ఆఖరి బస్సు పార్కు మూసే వేళ తర్వాత కనీసం అరగంటకు ఉండాలి. దాని వెనకాల ఇంకొకటి, టైమ్‌టేబుల్‌లో వేయనిది, మిగిలినవాళ్లను ఏరుకుని రావాలి. మేం దాన్ని ఊడ్పు బస్సు అనేవాళ్లం. భూమధ్యరేఖకు దూరంగా ఉన్న చోట్ల సీజన్ మొదటికీ చివరికీ మధ్య సూర్యాస్తమయం వేళ గంటకు పైగా మారిపోవచ్చు. అలాంటి చోట సాయంత్రం రద్దీ వేళ కూడా దానితోపాటే మారుతుంది. సీజన్ మధ్యలో ఒకసారి సాయంత్రం టైములు సరిచేసుకో.

డ్రైవర్లను తక్కువ చేయకు. రెండు చివరలా ఇచ్చే ఆ కొన్ని నిమిషాలు వాళ్ల నడుముకు, కళ్లకు కావాలి. ఆలస్యమైన ప్రతిసారీ ముందు వాటినే కోస్తారు. నువ్వు కోయనివ్వకు. ఈ రూటుకు వేసినవాళ్లనే సీజనంతా ఉంచితే దారిలో ఎక్కడ కారు అడ్డొస్తుందో, ఏ చెట్టు కొమ్మ తగులుతుందో వాళ్లే నీకు చెబుతారు.

టికెట్ లెక్కలు ఎక్కినవాళ్లనే చూపిస్తాయి. ఎక్కలేక ఉండిపోయినవాళ్లను ఎవరూ లెక్కపెట్టరు. ప్రతి బస్సు కదిలాక స్టాపులో ఎంతమంది మిగిలారో ఒక పుస్తకంలో రాయించు. టైమ్, మిగిలిన తలలు, అంతే. వచ్చే ఏడాది బస్సులు అడగడానికి నీ దగ్గర ఉండే గట్టి కాగితం అదే. మొదటి సీజన్‌లో జనం తక్కువగా వస్తారు, ఇలాంటి బస్సు ఉందని తెలియడానికే సగం సీజన్ పడుతుంది. కనీసం మూడు సీజన్లు నడపడానికి ముందే ఒప్పించు. మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఒకసారి ప్రకటించాక ఒక్క రోజు కూడా మార్చకు.

వచ్చే ఆదివారం నాకు పనేమీ లేదు. సాయంత్రం నాలుగున్నరకు పార్కు గేటు దగ్గర ఉంటాను. నువ్వు కారులో రాకు, ఇప్పుడున్న బస్సుల్లోనే మారుతూ రా. వాచీ, పుస్తకం తెచ్చుకో. చీకటి పడేదాకా కూర్చుని బయటికి వచ్చే జనాన్ని లెక్కపెడదాం.

ఇట్లు,
మీ మామయ్య